పీజీఎస్ కాగితమా, ఎన్‌పీఓపీ సర్టిఫికెట్టా: నాలుగెకరాల రైతుకు ఏది మేలు?

యాసంగి కోతలు మొదలైతే చాలు, పరకాల నుంచి ఒకరు, జమ్మికుంట నుంచి ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, ఆర్గానిక్ సర్టిఫికెట్ ఏది తీసుకోమంటవు?" ఒక్కొక్కరికి అరగంట చెప్పేకన్నా ఇక్కడ రాసిపెడితే నయం.

ఎన్‌పీఓపీ అంటే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. 2001లో వచ్చింది, వాణిజ్య శాఖ కింద వ్యవసాయ ఎగుమతులు చూసే అపెడా సంస్థ నడుపుతుంది. బయటి సంస్థ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. పీజీఎస్ వ్యవసాయ శాఖది, రైతులే ఒకరికొకరు హామీ ఉండే పద్ధతి. కనీసం ఐదుగురు రైతులు గ్రూపు కట్టి ఒకరి పొలం ఒకరు చూసుకోవాలి. ప్యాకెట్ మీద సేంద్రియ సరుకని చెప్పే జైవిక్ భారత్ గుర్తుకు రెండూ చెల్లుతాయి.

అందరూ ముందు ఫీజు అడుగుతారు. ఎన్‌పీఓపీ ఒంటరిగా తీసుకుంటే నాలుగెకరాలకు గిట్టదు. 25 నుంచి 500 మంది గ్రూపులో చేరితే ఖర్చు పంచుకోవచ్చు. నన్నడిగితే ఫీజు తర్వాతి సంగతి. ముందు అడగాల్సింది, కాగితం ఎవరి పేరు మీద ఉంటుందని.

ఇది నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. నాలుగేళ్లు ఒక కంపెనీ నడిపే ఎన్‌పీఓపీ గ్రూపులో మిరప వేశాను. డైరీ రాశాను, వేపపిండి బిల్లులు దాచాను, పక్క పత్తి చేనులో కొట్టే మందు మా మీద పడకుండా గట్టు వెంట జొన్న పోశాను. ఐదో ఏడు కంపెనీ కొనడం మానేసింది. సర్టిఫికెట్ గ్రూపుది, గ్రూపు కంపెనీది. నాకు మిగిలింది ఆ డైరీ. కాయలు వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు తోలితే అడ్తిదారు ఒక కాయ విరిచి, రంగు, తేమ చూసి అందరి రాశులతో పాటే ధర కట్టాడు. 2025 జనవరిలో ఎన్‌పీఓపీ నిబంధనలు మార్చి, రైతు గ్రూపులకే చట్టబద్ధమైన హోదా ఇచ్చారు. మంచిదే. అయినా సంతకం పెట్టేముందు గ్రూపు ఎవరిదో, బయటికొస్తే మీ చేతికి ఏం ఇస్తారో అడగండి.

పీజీఎస్‌లో ఎవరి సర్టిఫికెట్ వారిదే. తెలిసినవాళ్లే కదా, చూసీచూడనట్టు పోతారంటారు. మా గ్రూపు తనిఖీకి వచ్చిన రోజు నా పాకలో మా బావమరిది పెట్టిపోయిన స్ప్రే పంపు కనబడింది. ఒకాయన మూత తీసి వాసన చూశాడు. ఎవరిది, ఎప్పుడు తెచ్చాడు, ఏం కొట్టాడు, మన చేనులో కొట్టలేదని ఎట్లా నమ్మాలి అని అరగంట పీకి, చివరికి మా బావమరిదికి ఫోన్ చేయించారు. ఏడాదికోసారి వచ్చే ఇన్‌స్పెక్టర్‌కు ఆ పంపు కనబడినా, ఏ ఇంట్లో ఏ మందు డబ్బా ఉంటుందో ఊరివాళ్లకు తెలిసినంత ఆయనకు తెలియదు. అయితే ఐదుగురూ కలిసి అబద్ధమాడితే పట్టుకోవడం కష్టమే, కాదనను.

పీజీఎస్‌తో సరుకు దేశం దాటదు. మీ మిరపనో, నిజామాబాద్ పసుపునో ఎగుమతి చేసేవాడు నిజంగా దొరికితే ఎన్‌పీఓపీయే. అదీ అన్నిచోట్లా చాలదు. అమెరికా వ్యవసాయ శాఖ మనతో ఉన్న గుర్తింపు ఒప్పందాన్ని 2021లో ఆపేసింది. ఇప్పుడు అక్కడికి పంపాలంటే నేరుగా వాళ్ల నిబంధనల ప్రకారమే సర్టిఫికెట్ కావాలి. ఐరోపా వాళ్ల ఆకు గుర్తు, జపాన్ వాళ్ల జాస్ లాంటి సేంద్రియ ముద్రలు కొనేవాడు అడిగినప్పుడు చూసుకుందాం.

కాగితమే లేకుండా అమ్మొచ్చా? చిన్న రైతు తినేవాళ్లకు నేరుగా అమ్ముకుంటే సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. జైవిక్ భారత్ గుర్తు మాత్రం వాడకూడదు.

ఇంకో మాట, ఏ సర్టిఫికెట్ అయినా పంట ఎలా పండించారో చెప్పేదే. గింజలో మందు అవశేషం ఎంతుందో ల్యాబే చెప్పాలి.

నేనైతే పీజీఎస్‌లోనే ఉన్నాను. నా బియ్యం హనుమకొండలో ఓ ముప్పై ఇళ్లకు పోతాయి, సముద్రం దాటే పని లేదు. ఇంకా మామూలు సాగు నుంచి సేంద్రియానికి మారే కాలమే కాబట్టి కాగితం మీద పీజీఎస్ గ్రీన్ అని ఉంటుంది. మొన్న ఒక అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి, "గ్రీన్ అంటే కొంచెం మందు కొడతరా తమ్మీ?" అని అడిగింది. వచ్చి చేను చూడమన్నాను. ఎండలు తగ్గినంక వస్తానంది.