పాత కరపత్రాలు ఎవరికిద్దాం?

1918లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టిన పెరంబూరు వైపు, అటక మీద తాతల నాటి కరపత్రాలున్న తెలుగువాళ్లకు రెండు దారులు. ఒకటి, చెన్నై తరమణిలో ఉన్న, 1994లో మొదలైన రోజా ముత్తయ్య లైబ్రరీ. పాత కాగితాన్ని కాపాడటం, మైక్రోఫిల్మ్ తీయడం వాళ్లకు రోజువారీ పని.

రెండోది, లండన్‌లో 1991 నుంచి వాలంటీర్లే నడుపుతున్న 56ఎ ఇన్ఫోషాప్ (ఉద్యమాల కరపత్రాలు, పుస్తకాలు అందరికీ అందుబాటులో ఉంచే చోటు) లాంటి గదిని మనమే పెట్టుకోవడం. అక్కడ ఆర్కైవ్ పక్కనే సైకిల్ రిపేరు కూడా. అలాంటి చోట పెద్దాయనెవరో "ఇది యజమానులు మిల్లు మూసేసిన లాకౌట్ అప్పటిది కదూ" అన్నాడంటే, ఏ కేటలాగులోనూ దొరకని సమాచారం అది. కాకపోతే మద్రాసు ఉక్కపోత, చెదలు, నెలనెలా అద్దె టెన్షన్! తాళంచెవి ఉన్న కుర్రాడికి బదిలీ అయితే తలుపు తీసేవాడుండడు.

నా ఓటు: అసలు ప్రతులు తరమణికి, జిరాక్సులు గదికి.