వైజాగ్ ఫ్లాటులో ఏది మేలు: వీధి పిల్లా, పర్షియన్ పిల్లా?

మా ఇంట్లో రెండు పిల్లులున్నాయి. గౌరి మూడు రంగుల వీధి పిల్లి. పెదవాల్తేరులో మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గది వెనక, పాత సిమెంటు బస్తాల మధ్య దొరికింది. ముత్యం తెల్లటి పర్షియన్. కింది అంతస్తువాళ్ళు బదిలీ మీద వెళ్ళిపోతూ మా చేతుల్లో పెట్టారు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే ఉక్కపోతలో, ఒకే మనుషుల మధ్య మూడేళ్ళుగా బతుకుతున్నాయి. అందుకని గాజువాకలో ఉంటున్న మా ఆడపడుచు మొన్న ఫోన్ చేసి "వదినా, పిల్లలు పిల్లి కావాలని ఒకటే గొడవ. పర్షియన్ తెచ్చేదా, వీధి పిల్లిని తెచ్చేదా?" అని అడిగితే, నేను తిరిగి ఒక్క ప్రశ్నే వేశాను: "రోజూ పొద్దున్నే పావుగంట మీ ఇంట్లో ఎవరికి తీరిక?"

అది తేలితే సగం తేలిపోయినట్టే. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళే ఇల్లయితే మన ఊరికి వీధి పిల్లే మేలు. ఇంటి దగ్గరే ఉండి, ఓపిగ్గా దువ్వి, కళ్ళు తుడిచి, ఎండాకాలమంతా కనిపెట్టుకుని ఉండే మనిషి ఉంటేనే పర్షియన్ మాట ఎత్తాలి. ముత్యమంటే నాకు ప్రాణం. అయినా ఈ మాట అంటున్నానంటే దాని ఒంటి బాధ దగ్గరుండి చూశాను కనక.

మొదట జుట్టు. గౌరి జుట్టు పొట్టి. నాలుకతో తనే సర్దుకుంటుంది, వారానికోసారి రబ్బరు బ్రష్షుతో నిమిరితే చాలు. ముత్యానిది రెండు పొరల జుట్టు. పైన పట్టులా పొడుగ్గా, లోపల దూదిలా మెత్తగా ఉంటుంది. మన సముద్రపు చెమ్మకి ఆ దూది ఉండలు కడుతుంది. చెవుల వెనక, చంకల్లో, తొడల సందున మొదలవుతుంది. వేలు పెట్టి వెతికితే ముందు శనగగింజంత తగులుతుంది. రెండు రోజులు వదిలేస్తే ఉసిరికాయంత అవుతుంది. ఆ పైన చర్మాన్ని పట్టి లాగుతుంది, అడుగు వేసినప్పుడల్లా నొప్పే. మా దగ్గరికి వచ్చిననాటికి ముత్యం పొట్ట కింద జుట్టంతా అట్టలా గట్టిపడి ఉంది. కత్తెర పెడితే చర్మం తెగుతుందని డాక్టరుగారు మిషనుతోనే తీశారు. అట్ట లేచాక కింద చర్మం ఎర్రగా కమిలిపోయి, తడితడిగా ఉంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దువ్వెన పట్టని పొద్దు లేదు.

దువ్వడానికీ ఒక పద్ధతుంది. పళ్ళు దూరంగా ఉన్న స్టీలు దువ్వెన తీసుకుని, ఉండ ఉన్నచోట కుదురు దగ్గర రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకోవాలి, లాగినా చర్మానికి తెలియకుండా. కాస్త మొక్కజొన్న పిండి చల్లి, చివర నుంచి కొద్దికొద్దిగా విడదీస్తూ కుదురుకి రావాలి. జాలరిపేట నుంచి తట్టతో చేపలు తెచ్చే ఆవిడ ఒకరోజు గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, "ఏటమ్మా, పిల్లికి తల దువ్వుతున్నావేటి? జడ కూడా ఏస్తావేటి?" అంది. ఇప్పుడు వచ్చినప్పుడల్లా ముందు "జడేశావా?" అనే అడుగుతుంది.

దువ్వెనకి రాని జుట్టు పొట్టలోకి పోతుంది. అర్ధరాత్రి మూడింటికి హక్ హక్ మని చప్పుడు మొదలవుతుంది. లైటు వేసేసరికి మెడ చాపి, పొట్ట లోపలికి ఎగబీలుస్తూ వెనక్కి వెనక్కి నడుస్తుంటుంది. నేల మీద ఇంత చోటుండగా సరిగ్గా మడతపెట్టిన బట్టల మీదికే చేరుతుంది. బయటికి వచ్చే జుట్టు ఉండ గుండ్రంగా ఉంటుందనుకుంటారు గానీ, అన్నవాహికలోంచి వస్తుంది కాబట్టి తడిసిన వత్తిలా పొడుగ్గా ఉంటుంది. గౌరికి ఏడాదికి ఒకటో రెండో. ముత్యానికి దువ్వడం మానిన వారం తప్పదు. ఏమీ రాకుండా ఊరికే హక్కుమంటూ ఉండి తిండి మానేస్తే మాత్రం ఇంటి వైద్యం చూడొద్దు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఇక ఎండాకాలం. థర్మామీటరు 35 చూపిస్తోంది కదా, విజయవాడ కన్నా నయమే కదా అనుకుంటాం. కానీ వైజాగ్‌లో చంపేది ఉక్క. పిల్లికి చెమట పట్టేది పాదాల అడుగునే. మిగతా ఒళ్ళు నాకి తడి చేసుకుంటుంది, ఆ తడి ఆరుతుంటే చల్లబడుతుంది. గాలిలోనే అంత చెమ్మ ఉంటే తడి ఎక్కడ ఆరుతుంది? పైగా పర్షియన్‌కి ముక్కు లోపలికి నొక్కేసినట్టుంటుంది, గాలి దారి ఇరుకు. రెండేళ్ళ కింద మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం ముత్యం నోరు తెరిచి కుక్కలా రొప్పింది. కుక్క రొప్పడం మామూలే, పిల్లి రొప్పితే ప్రమాదం. తడిగుడ్డతో పాదాలూ పొట్టా తుడిచి, చల్లటి గచ్చు మీద పడుకోబెట్టి, ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. అదే మధ్యాహ్నం గౌరి బాత్‌రూం గచ్చు మీద నాలుగు కాళ్ళూ నాలుగు వైపులా పడేసి, పొట్ట పైకి పెట్టి హాయిగా నిద్రపోయింది.

ఆ నొక్కుడు ముఖం వల్ల ఇంకో పని కూడా ఉంది. కన్నీరు ముక్కులోకి దిగే గొట్టం వంకర తిరగడంతో నీళ్ళు బయటికే కారి, కళ్ళ కింద గోధుమరంగు చారలు కడతాయి. రోజూ గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన దూదితో తుడవాలి. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1871లో పిల్లుల ప్రదర్శన జరిగిననాటి పర్షియన్ పిల్లులకి ముక్కు ఇంత లోపలికి లేదు. ఆ తరవాత మనుషులే ముద్దుగా ఉందని చప్పటి ముఖాలవాటిని ఏరి ఏరి జతకట్టించి ఈ గతికి తెచ్చారు. ఆ మాట తలుచుకుంటే నాకు కోపమే వస్తుంది.

అల్లరి దగ్గరికి వస్తే తక్కెడ ముత్యం వైపు తిరుగుతుంది. ముత్యం పెట్టినచోట దిండులా కూర్చుంటుంది. గౌరి అలా కాదు. సాయంత్రం ఏడయ్యేసరికి కాలుగాలిన పిల్లి అంటే ఏమిటో చూపిస్తుంది: హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బీరువా మీదికి. వంటగట్టు అంచున స్టీలు గ్లాసు కనిపిస్తే దాని పక్కన కూర్చుని, నా కళ్ళలోకి చూస్తూ, కుడి పంజాతో ఒక్క అంగుళం జరుపుతుంది. ఆగుతుంది. నేను "గౌరీ!" అంటే చెవి ఒక్కటి తిప్పుతుంది. ఇంకో అంగుళం. ఆ గ్లాసు కింద పడి దొర్లుతుంటే మెడ వంచి, అది ఆగేదాకా చూసి, అప్పుడు కిందకి దిగుతుంది. సంక్రాంతికి గుమ్మంలో వేసిన ముగ్గు మీదుగా నడిచి, హాలంతా తెల్లటి పాదాలు అచ్చువేసింది. వానాకాలంలో బల్లి తోక తెచ్చి మా వారి తలగడ మీద పెడుతుంది. తోక ఇంకా కదులుతూనే ఉంటుంది.

చిన్నపిల్లలున్న ఇంటికి ఈ ఆటే కావాలి. పెద్దవాళ్ళు మాత్రమే ఉండే నిశ్శబ్దమైన ఇంటికి ముత్యం లాంటిది సరిపోతుంది. అలాంటి ఇంటికైతే ఈ ఒక్క విషయంలో పర్షియన్‌కే నా ఓటు.

గెంతే పిల్లికి బాల్కనీ వల తప్పనిసరి. మాది మూడో అంతస్తు. పావురాల కోసం కట్టే పల్చటి నైలాను వలని గౌరి నెలరోజుల్లో కొరికి కంత చేసింది. ఇనప జాలీ పెడితే ఉప్పుగాలికి తుప్పు. చివరికి ఫిషింగ్ హార్బరు దగ్గర పడవలవాళ్ళు పక్కన పడేసిన మందపాటి వల ముక్క కొనుక్కొచ్చి రెండు పొరలుగా కట్టాం. ఇప్పటిదాకా తెగలేదు.

దొడ్డి పెట్టె సంగతి ఎవరూ ముందు చెప్పరు, తెచ్చుకున్నాక అందరూ అడిగేది అదే. మొదట్లో మేం బీచ్ ఇసక తెచ్చాం. చేతికందేంత దూరంలో ఉంది కదా అని. అది ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, మూత్రం పడితే గడ్డకట్టకుండా అడుగుకి దిగి, రెండోరోజుకే కంపు. పైగా తీరంలో ఇసక తవ్వుకురావడం మంచి పని కూడా కాదు. తరవాత బెంటొనైట్ మట్టి. కచ్ వైపు ఎక్కువగా తవ్వితీసే ఈ మట్టి తడి తగలగానే ఉబ్బి ముద్దకడుతుంది, ముద్దని జల్లెడ గరిటెతో తీసి పారేయొచ్చు. గౌరికి ఇది అమృతంలా కుదిరింది. ముత్యానికి మాత్రం వేళ్ళ సందుల జుట్టులో మట్టి ఇరుక్కుని, ఆ పాదాలు నీళ్ళలో పడితే రాగి అంబలే. దొడ్డికి వెళ్ళాక వెనక జుట్టుకి అంటుకున్నదాన్ని నేల మీద రాసుకుంటూ హాలు దాటుతుంది. దాని మటుకు చెక్కపొట్టు గుళికలు పెట్టి, వెనక జుట్టు నెలనెలా కత్తిరించాక ఇల్లు తెరిపిన పడింది. ఏ మట్టి అయినా టాయిలెట్లో మాత్రం పోయొద్దు, గొట్టంలో ఉబ్బి కూర్చుంటుంది.

తిండిలో పెద్ద తేడా లేదు. రెండూ మాంసం తినే జంతువులే. మన ఇళ్ళల్లో పిల్లికి పెరుగన్నం, పాలు అలవాటు చేస్తారు గానీ ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. మాంసంలో, చేపల్లో దొరికే టారిన్ అనే పోషకం అన్నంలో అసలే ఉండదు. అది లేకపోతే పిల్లి గుండె కండరం బలహీనపడుతుందని 1987లోనే తేల్చారు. నేను మంచి పిల్లి మేతతో పాటు నెత్తళ్ళో కవళ్ళో ఉప్పు వేయకుండా ఉడికించి, ముళ్ళు తీసి పెడతాను. పచ్చివి పెట్టను, అందులో బి1 విటమిన్‌ని పాడుచేసే గుణం ఉంది, ఉడికిస్తే పోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, ఆ 61 రోజులూ చేప ధర మండుతుంది. అప్పుడు కోడి మాంసం, కాలేయం ముక్క. గౌరి మొదటి రెండు రోజులు గిన్నె చుట్టూ మట్టి కప్పుతున్నట్టు నేల గీకి నిరసన తెలుపుతుంది. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీస్తుంది. ఇది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

కొనే ముందు ఒక సంగతి. పర్షియన్లలో కిడ్నీల నిండా నీటి బుడగలు పెరిగే జబ్బు వంశంలో దిగుతుంది. దానికి కారణమైన జన్యు లోపాన్ని 2004లో గుర్తించారు, పరీక్ష కూడా ఉంది. తల్లిదండ్రుల్లో ఒకదానికి ఆ లోపం ఉంటే ప్రతి పిల్లకీ సగానికి సగం అవకాశం. తల్లీతండ్రి పరీక్ష కాగితం చూపించమని అడగండి. చూపించకపోతే లేచి వచ్చేయండి. ఎనిమిది వారాలు నిండని పిల్లని దుకాణాల్లో అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో పెట్టిన నిబంధనలు కూడా చెబుతున్నాయి. మన ఉక్కలో పొడుగు జుట్టు కింద తామర త్వరగా పట్టి, మనుషులకీ అంటుతుంది. మా పాపకి మోచేతి మీద వచ్చింది. డబ్బు లెక్కన చూస్తే, ముత్యానికి డాక్టరు ఖర్చు గౌరికయ్యేదానికి మూడింతలు.

వీధి పిల్లికి ఖర్చు లేదని కాదు. పురుగుల మందు, టీకాలు, రేబిస్ సూది దేనికైనా తప్పవు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ మరీ ముఖ్యం. ఐదారు నెలలకే ఆడపిల్లి ఎదకొచ్చి రాత్రంతా అరుస్తుంది, జతకడితే ఆ తరవాత తొమ్మిది వారాల్లో ఈనుతుంది. మూడు రంగులున్నదైతే దాదాపుగా ఆడదే, ఎందుకంటే నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మా గౌరి ఆడదని డాక్టరుగారు బుట్ట మూత తీస్తూనే చెప్పేశారు.

ఇదంతా విని మా ఆడపడుచు "అయితే ఒక వీధి పిల్ల" అంది. నేను రెండు తెచ్చుకోమన్నాను. ఒకే కాన్పులోవి, రెండు నెలలు దాటినవి. పగలంతా ఇంట్లో ఎవరూ లేకపోతే ఒంటరి పిల్ల కర్టెన్లు ఎక్కుతుంది, మనుషుల కాళ్ళు కొరుకుతుంది. రెండుంటే వాటి కుస్తీ వాటికే సరిపోతుంది, ఎంత గట్టిగా కొరికితే నొప్పో ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకుంటాయి. దొడ్డి పెట్టెలు మాత్రం మూడు పెట్టమన్నాను.

వాళ్ళ వీధి చివర టిఫిను బండి కింద పుట్టిన వాటిలో రెండింటిని గత ఆదివారం తెచ్చుకుంది. మర్నాడు పొద్దున్న ఏడింటికి ఫోన్. "వదినా, ఒకటి సోఫా వెనక ఉంది, రెండోది రాత్రి నుంచి కనబడట్లేదు. తలుపులన్నీ వేసే ఉన్నాయి." ఫోన్ పెట్టకుండానే ఇల్లంతా వెతికించాను. వాషింగ్ మెషీను, బీరువా అడుగు, చెప్పుల స్టాండు. చివరికి చిన్నాడు వంటింట్లోంచి కేకేశాడు. కింది అరలో మూత లేని ఇడ్లీ గిన్నెలో, చుట్టచుట్టుకుని, మూతి మీద తోక కప్పుకుని నిద్రపోతోంది. ఆ రోజు వాళ్ళింట్లో ఉప్మా చేసుకున్నారు.