వాకరా, చెక్క బండా, ఉత్త నేలా?

పెద్దాడికి ఏడో నెల నిండగానే మా తమ్ముడు వాకర్ పట్టుకొచ్చాడు. ముందు రంగురంగుల ట్రే, నొక్కితే పాటలు. వాడు ఇల్లంతా చక్కర్లు కొడుతుంటే నేను నింపాదిగా తాలింపు వేసుకునేదాన్ని. నెల తిరక్కుండానే వాకిలి మెట్టు మీంచి వాకర్‌తో సహా బోల్తాపడ్డాడు. నుదుట రేగిపండంత బొప్పితో పోయింది. నేను పొయ్యి దగ్గర్నించి గుమ్మం దాకా వెళ్లేలోపే అంతా అయిపోయింది. నాలుగేళ్ల తర్వాత పుట్టిన అమ్మాయిని మాత్రం నేల మీదే వదిలాను, లేచి నిలబడ్డాక చెక్క బండి ఇచ్చాను.

మూడింటిలో ఏది మేలో చెప్పాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. వాకర్ కొనేది పిల్లల కాళ్ల కోసం కాదు, మన చేతులు ఖాళీ అవడం కోసం. ఒంటిచేత్తో ఇల్లు నడిపే తల్లికి అది చిన్న అవసరమేమీ కాదు. కాకపోతే దాన్ని ‘నడక నేర్పే బండి’ అని అమ్ముతారు చూడండి, అక్కడే నాకు పేచీ.

నడక కాళ్లతో మొదలవదు. మెడ నిలబడాలి, బోర్లాపడాలి, కూర్చోవాలి, దోగాడాలి, మంచం కోడో కుర్చీయో పట్టుకుని లేవాలి, గోడ వెంబడి పక్కకి అడుగులేయాలి. మన పెద్దవాళ్లు ఈ వరసకి పిండివంటలే కట్టారు: బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. వాకరెక్కితే వడలు అని ఎవరూ అనలేదు మరి.

వాకర్‌లో పిల్లాడి బరువు గుడ్డ సీటు మోస్తుంది. వాడు మునివేళ్లతో నేలని తన్నుకుంటూ పోతాడు. ట్రే అడ్డం కాబట్టి తన పాదాలు తనకి కనబడవు. తూలడం, నిలదొక్కుకోవడం, చతికిలబడి మళ్లీ లేవడం, అంటే నడకలో అసలు పాఠమంతా, తప్పిపోతుంది. ఐర్లండ్‌లో 190 మంది పిల్లల మీద చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, వాకర్‌లో గడిపిన ప్రతి 24 గంటల మొత్తానికి సొంతంగా నడవడం సుమారు మూడు రోజులు వెనకబడినట్టు తేలింది. మూడు రోజులు పెద్ద లెక్క కాదంటారా? సరే, పోనివ్వండి. కానీ వేగం సంగతేంటి? వాకర్‌లో పిల్లలు ఒక్క సెకనులో మూడడుగుల పైగా దూరం పోగలరు. అమెరికాలో 1990 నుంచి 2014 దాకా 15 నెలల లోపు పిల్లలు 2,30,000 మందికి పైగా వాకర్ దెబ్బలతో ఎమర్జెన్సీకి వెళ్లారు. ఎక్కువ మంది మెట్ల మీంచి పడ్డవాళ్లే. కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది.

చెక్క బండి వేరు. మూడు చక్రాలు, పట్టుకోవడానికి ఒక అడ్డకర్ర. బరువు పిల్లదే, పాదాలు కళ్లముందే ఉంటాయి. అయితే ఇది గచ్చు నేలల కాలపు వస్తువు. ఇప్పటి టైల్స్ మీద చక్రాలు జారి బండి ముందుకి పోతుంది, పిల్ల బోర్లాపడుతుంది. మేం చక్రాలకి పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టాం. ఇంకో షరతు: తనంతట తాను ఏదో ఒకటి పట్టుకుని లేచి నిలబడే పిల్లకే బండి ఇవ్వాలి. ముందే నిలబెట్టి చేతులు దానికి అతికిస్తే వాకర్‌కీ దీనికీ పెద్ద తేడా ఉండదు.

ఇక నేల. ఖర్చు లేదు, చాకిరీ మాత్రం ఉంది. రోజూ తుడవాలి, నాణేలు, బొత్తాలు, వేరుశెనగ గింజలు ఏరాలి, ప్లగ్గులు మూయాలి. వంట వేళకి నేను వంటింటి గుమ్మానికి ఎత్తు పలక అడ్డం పెట్టి, ఇవతల చాప పరిచి, రెండు గిన్నెలూ ఒక గరిటే ఇచ్చేదాన్ని. చెవులు హోరెత్తేవి. కానీ పిల్ల కళ్లెదురుగా ఉండేది.

నేల మీద వదిలితే నడక ఆలస్యమవుతుందని మా అత్తయ్య బెంగ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన లెక్కల్లో (మన ఢిల్లీ పిల్లలు కూడా అందులో ఉన్నారు) సొంతంగా నడిచే వయసు ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల దాకా పరుచుకుని ఉంది. నూటికి నలుగురు అసలు దోగాడనే లేదు. కాబట్టి పక్కింటి పిల్లతో పోటీ అనవసరం. తొమ్మిది నెలలు దాటినా ఆనుకోకుండా కూర్చోకపోయినా, ఏడాదిన్నరకీ నడవకపోయినా, ఒక పక్క చెయ్యీ కాలే వాడుతున్నా, అప్పటికే నేర్చుకున్న పనులు మర్చిపోతున్నా మాత్రం పిల్లల డాక్టరుకి చూపించాలి. టీకాలూ ఎదుగుదలా రాసే తల్లీబిడ్డ రక్షణ కార్డు వెంట తీసుకెళితే మాట తేలికవుతుంది.

నా ఓటు నేలకి, నిలబడ్డాక బండికి. చేతులు ఖాళీ కావాలంటే చక్రాలు లేని చుట్టుకంచె మంచం కొనుక్కోండి, వాకర్ కంటే నయం.

మొన్న మరదలు ఫోన్ చేసింది. వాళ్ల బాబుకి ఎనిమిదో నెల. “వదినా, ఆ వాకర్ అటక మీదే ఉందా?” అంది. లేదన్నాను. బండి పంపాను, ట్యూబు ముక్కలు కొత్తవి చుట్టి.