క్లాసిక్ 350కి కొత్త టైర్లు: పాలకొల్లు దుకాణంలో వేయించిన జత గురించి

పాతకాలపు రూపమున్న మోటారు సైకిలుకు టైర్లు మార్చే వేళ చాలామంది ముందుగా చూసేది గ్రిప్పు అందాన్ని. కానీ మన గోదావరి డెల్టాలో తిరిగే బండికి, అందులోనూ స్పోకుల చక్రాలున్న బండికి, పైన కనిపించే గీతలు ఎంత ముఖ్యమో లోపలి ట్యూబు, దాని కింద రిమ్ము చుట్టూ వేసే పట్టీ, అంటే రిమ్ టేపు కూడా అంతే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. ఇటీవల నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి పాలకొల్లులోని ఒక టైర్ల దుకాణంలో రెండు టైర్లూ మార్పించాను. కంపెనీ నుంచి బండితో వచ్చిన సియట్ జూమ్ ప్లస్ రకాన్నే, అదే సైజులో మళ్లీ ఎంచుకున్నాను.

దుకాణంలో బటన్ టైర్ల జత ఒకటి కూడా చూపించారు. పెద్ద పెద్ద దిమ్మెలతో అది బండికి నిండుదనం తెచ్చే మాట నిజమే. అయితే దిమ్మెల మధ్య ఖాళీ ఎక్కువైన కొద్దీ తారు మీద ఆనే రబ్బరు తగ్గుతుంది, బ్రేకు పడినప్పుడు, మలుపులో వాలినప్పుడు ఆ దిమ్మెలు కొద్దిగా కదులుతాయి. భీమవరం వైపు చేపల, రొయ్యల లారీల నుంచి కారిన నీళ్లతో ఎండాకాలంలో సైతం రోడ్డు తడిసి ఉండే చోట, దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు చక్రాల మట్టి పలచగా పరుచుకున్న చోట, నాకు కావలసింది నీటిని పక్కలకు తోసివేసే సన్నని గాళ్లూ, తారును వదలని రబ్బరూ. ఈ జత వానలో చించినాడ వంతెన మీదుగా రాజోలు వెళ్లి వచ్చేటప్పుడు నాకు పూర్తి నమ్మకాన్నిచ్చింది. కాలువ గట్ల బంకమట్టిలో మాత్రం గాళ్లు వెంటనే పూడుకుపోతాయి, అక్కడ ఏ రోడ్డు టైరైనా నెమ్మదిగా నడపవలసిందే. కోతల తరువాత రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం గింజలపై అయితే ఏ టైరూ ఆదుకోదు.

సైజు విషయంలో రాజీ పడకూడదు. ఈ మోడల్‌కు ముందు 100/90-19, వెనుక 120/80-18 సరైనవి: మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండవది ఆ వెడల్పులో శాతంగా పక్కగోడ ఎత్తు, చివరిది అంగుళాల్లో రిమ్ము కొలత. తరువాత కనిపించే 57, 62 అనేవి బరువు సూచికలు, అంటే ముందు టైరు 230 కిలోలు, వెనుకది 265 కిలోలు మోయగలదని అర్థం. పి అనే అక్షరం గంటకు 150 కి.మీ. వేగ పరిమితిని తెలుపుతుంది. బండి ఒక్కటే దాదాపు 195 కిలోలు ఉంటుంది కాబట్టి, ఇద్దరు మనుషులూ వెనుక ఒక బియ్యం బస్తా ఉన్నప్పుడు ఈ అంకెలు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. నిండుగా కనిపిస్తుందని అదే రిమ్ముకు మరీ వెడల్పు టైరు ఎక్కిస్తే దాని పక్కగోడలు లోపలికి నొక్కుకుపోయి, నడినెత్తి ఉబ్బి, మలుపులో బండి వాలే తీరే మారిపోతుంది.

ఆ దుకాణాన్ని నేను మెచ్చుకునేది లోపలి పని గురించి. పాత ట్యూబునే మళ్లీ వేయమని నేను అడిగినా వారు ఒప్పుకోలేదు. సాగిన ట్యూబు కొత్త టైరులో మడతపడి, ఆ మడత దగ్గరే చిరుగుతుందని చెప్పి రెండు చక్రాలకూ కొత్త ట్యూబులు వేశారు. స్పోకులను రిమ్ముకు బిగించే నిపుల్స్ కొసలు ట్యూబుకు గుచ్చుకోకుండా కాపాడే రిమ్ టేపును కూడా మార్చారు. టైరు మీద ట్యూబ్‌లెస్ అని రాసి ఉన్నంత మాత్రాన స్పోకుల చక్రం ట్యూబ్‌లెస్ కాదు, స్పోకుల రంధ్రాల గుండా గాలి పోతుంది. పైగా ట్యూబుకు పెద్ద చిరుగు పడితే గాలి ఒక్కసారిగా దిగిపోతుంది, అది ముందు చక్రమైతే హ్యాండిల్ అదుపులో ఉండదు.

వాల్వు నట్టును వారు రిమ్ముకు బిగించకుండా పైకి, మూత దగ్గరకు తిప్పి వదిలారు. గాలి తక్కువైన టైరు బ్రేకు వేసినప్పుడల్లా రిమ్ము మీద కొద్దికొద్దిగా జరిగి ట్యూబును కూడా లాగుతుంది. నట్టు వదులుగా ఉంటే వాల్వు పక్కకు వాలి ఆ సంగతి ముందే కనబడుతుంది, బిగించి ఉంటే వాల్వు మొదలే తెగిపోవచ్చు. ఇంత శ్రద్ధ చూపే పంక్చర్ షాపులు మన పక్క అరుదు.

తయారీ తేదీని నేనే చదివి చూసుకున్నాను. పక్కగోడ మీది నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం: 2324 అని ఉంటే 2024లో 23వ వారం. ఆదివారాలు మాత్రమే బయటికి తీసే బుల్లెట్లకు ఈ అంకెలు మరింత ముఖ్యం, ఎందుకంటే టైరు గుండు కాకముందే రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది. 5 ఏళ్లు దాటిన టైరును ఏటా చూపించుకోవాలి, 10 ఏళ్లు నిండితే గీతలు ఎంత లోతుగా ఉన్నా మార్చేయాలి.

సమయం మాత్రం బాగానే పట్టింది, ఉదయం వెళ్తే మధ్యాహ్నానికి గాని బండి చేతికి రాలేదు. కొత్త రబ్బరు పైపొర అరిగేదాకా, మొదటి 100-150 కి.మీ. గట్టిగా వాల్చకుండా, ఒక్కసారిగా బ్రేకు వేయకుండా నడపమని చెప్పి పంపారు.