హక్కుల ప్రకటనను దగ్గర నుంచి చూడాలంటే: పారిస్‌లోని కార్నవాలే మ్యూజియం

ఫ్రెంచ్ విప్లవం గురించి పుస్తకాల్లో చదివినప్పుడు సిద్ధాంతాలు, తేదీలు, ప్రసంగాలే ఎక్కువగా మనసులో నిలుస్తాయి. ఆ సిద్ధాంతాలు సామాన్యుల ఇళ్లలోకి ఏ రూపంలో చేరాయో తెలుసుకోవాలంటే పారిస్‌లోని మారే ప్రాంతంలో ఉన్న కార్నవాలే మ్యూజియం చూడవలసిందే. 1880లో ప్రారంభమైన ఈ నగర చరిత్ర మ్యూజియం చాలా ఏళ్ల పునరుద్ధరణ తర్వాత 2021లో మళ్లీ తెరుచుకుంది. శాశ్వత ప్రదర్శనకు ప్రవేశ రుసుము లేదు.

నేరుగా విప్లవం గదులకు వెళ్లకుండా, ముందు 18వ శతాబ్దపు పారిస్‌ను చూడడం మంచిది. పుస్తకం నిలుపుకోవడానికి, రాసుకోవడానికి బల్లలు అమర్చిన వోల్టేర్ కుర్చీ ఈ మ్యూజియం సొత్తే. విప్లవానికి ప్రేరణగా నిలిచిన తత్వవేత్తలు వోల్టేర్, రూసో ఇద్దరూ 1778లోనే కన్నుమూశారు; విప్లవాన్ని వారు చూడలేదు. అయినా 1794లో జోరా ద బెర్త్రీ గీసిన చిత్రంలో రూసో ముఖం పైన వెలుగుతుంటే విప్లవ చిహ్నాలన్నీ దాని కింద కొలువుదీరాయి. తత్వవేత్తను విప్లవం తన మూలపురుషుడిగా ఎలా నిలుపుకుందో చెప్పడానికి ఈ ఒక్క చిత్రం చాలు.

ఎక్కువ సమయం కేటాయించవలసింది మాత్రం లె బార్బియే చిత్రించిన మానవ, పౌర హక్కుల ప్రకటన ముందు. 1789 ఆగస్టు 26న ఆమోదించిన ఆ 17 అధికరణాలు బైబిల్‌లోని మోషే ధర్మశాసనాల పలకలను తలపించే రెండు ఫలకాలపై కనిపిస్తాయి. పైన త్రికోణంలో వెలుగులు చిమ్మే కన్ను, ఒక పక్క తెగిన సంకెళ్లు పట్టుకున్న స్త్రీ రూపంలో ఫ్రాన్స్, మరో పక్క రెక్కలున్న ఇంకో స్త్రీమూర్తి. రాజరికపు దైవత్వాన్ని ప్రశ్నించిన విప్లవం తన మాటకు బలం చేకూర్చుకోవడానికి మత చిత్రాల పద్ధతినే ఆశ్రయించడం గమనించదగినది. ఇద్దరు స్త్రీమూర్తులు కాపలా కాస్తున్న ఆ పత్రం స్త్రీలకు రాజకీయ హక్కులు ఇవ్వలేదు. ఆ లోటును ఎత్తిచూపుతూ 1791లో స్త్రీల హక్కుల ప్రకటన రాసిన ఒలంప్ ద గూజ్‌ను 1793 నవంబరులో గిలటిన్‌కు బలిచ్చారు. ఇది తెలిసి చూస్తే చిత్రంలోని వెలుగు మరోలా కనిపిస్తుంది.

బాస్టీల్ కోట రాళ్లతోనే చెక్కించిన ఆ కోట నమూనా మరో ఆకర్షణ. కూల్చివేత పనులు చేపట్టిన గుత్తేదారు పాలువా ఇలాంటి నమూనాలను దేశంలోని 83 పాలనా విభాగాలకూ (డిపార్ట్‌మెంట్లకూ) పంపించాడు. విప్లవ నినాదాలు, బొమ్మలు రాసిన పింగాణీ పళ్లెం, రోజును పది గంటలుగా విభజించిన గడియారం కూడా ఆ కోవలోవే. ప్రకృతినీ హేతువునూ ఆధారం చేసుకుని కాలాన్నే కొత్తగా కొలవాలనుకున్న ఆ సాహసం 1795 వరకు కూడా సరిగా సాగలేదు.

భవనమే ఒక ప్రదర్శన వస్తువు. మ్యూజియంలోని రెండు భవంతులలో ఒకటి లె పెలెతియే ద సాంఫార్జో కుటుంబానిది. ఆ వంశానికి చెందిన ప్రజాప్రతినిధి, రాజు 16వ లూయీ మరణశిక్షకు ఓటు వేసి, 1793 జనవరి 20న, అంటే రాజు శిరచ్ఛేదానికి ముందురోజు, హత్యకు గురయ్యాడు.

ఇది పారిస్ నగర చరిత్రకు పరిమితమైన మ్యూజియం అని గుర్తుంచుకోవాలి. అదే హక్కుల భాష అట్లాంటిక్ దాటి సాం దొమింగ్ (అప్పటి ఫ్రెంచ్ వలస, నేటి హైతీ) బానిసల పోరాటంలో కలిసిన తీరు, 1794లో రద్దు చేసిన బానిసత్వాన్ని నెపోలియన్ 1802లో మళ్లీ తీసుకురావడం, 1804 జనవరి 1న హైతీ స్వతంత్రం ప్రకటించుకోవడం ముందే చదివి వెళ్లినవారు ఆ 17 అధికరణాల ముందు మరింత సేపు నిలబడతారు. ఆసక్తి ఉన్నవారు కనీసం ఒక పూట కేటాయించుకోవాలి.