అమరావతి నుంచి నాగార్జునకొండ దాకా: శుక్రవారాన్ని తప్పించుకుంటూ ఓ మ్యూజియం యాత్ర

ఈ దారిలో ముందుగా లెక్క చూసుకోవాల్సింది దూరాలు కాదు, శుక్రవారం. అమరావతి పురావస్తు మ్యూజియం, నాగార్జునసాగర్ జలాశయంలో నాగార్జునకొండ ద్వీపం మీది మ్యూజియం, హైదరాబాద్‌లో సాలార్‌జంగ్, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియం, ఈ నాలుగింటికీ సెలవు శుక్రవారమే. వారాంతం కలిసొస్తుందని గురువారం రాత్రి బస్సెక్కి తెల్లారి అమరావతిలో దిగేవాళ్లకు తాళం దర్శనమిస్తుంది. అందుకే బుధవారం విజయవాడ, గురువారం అమరావతి, శుక్రవారమంతా రోడ్డు మీద, శనివారం ద్వీపం, ఆదివారం హైదరాబాద్ అని పెట్టుకుంటే మేలు. ద్వీపానికి శనివారమే ఎందుకన్నది లాంచీ దగ్గర చెప్తాను.

విజయవాడలో బందరు రోడ్డు మీది బాపూ మ్యూజియానికి రెండు గంటలు చాలు. పాతవాళ్లకు ఇది విక్టోరియా జూబిలీ మ్యూజియం. 1921లో కాంగ్రెస్ సమావేశాలు జరిగినది, పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీజీకి ఇచ్చినది ఈ ఆవరణలోనే. 2020 అక్టోబరులో కొత్త హంగులతో, కొత్త పేరుతో మళ్లీ తెరిచారు. కత్తులూ నాణేలూ ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. అల్లూరు బుద్ధుడి దగ్గర మాత్రం ఆగండి. నిలువెత్తు సున్నపురాయి విగ్రహం. ముఖం కంటే ముందు పాదాల పైన చూడండి. చీవరం, అంటే భిక్షువు వస్త్రం, దాని అంచు కింద లావుపాటి మడతగా, తాడు పేనినట్టు ఒక వంపు తిరుగుతుంది. ఆంధ్ర బుద్ధుణ్ణి గుర్తుపట్టేది ఆ అంచుతోనే. దాన్ని కంట్లో పెట్టుకుంటే నాగార్జునకొండలో పని తేలికవుతుంది.

బస విజయవాడలోనో గుంటూరులోనో ఉంచుకోండి. అమరావతి ఊళ్లో లాడ్జీలు కొద్దిపాటివే. పైగా అమరేశ్వరుడి గుడి పంచారామాల్లో ఒకటి కాబట్టి కార్తీకమాసం సోమవారాల్లో ఊరు కిక్కిరిసిపోతుంది, గది అన్నమాటే ఉండదు. రెండు ఊళ్ల నుంచీ ఆర్టీసీ బస్సులున్నాయి. గంట, గంటన్నర ప్రయాణం.

ఇక్కడొక మాట ముందే చెప్పాలి, లేకపోతే అమరావతి నిరాశపరుస్తుంది. ఫోటోల్లో చూసిన మహాచైత్యం, అంటే ఆ పెద్ద బౌద్ధ స్తూపం, అక్కడ లేదు. సుమారు 50 మీటర్ల వెడల్పున గుండ్రటి మట్టి దిబ్బ, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతి పలకలు, అంతే. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు దిబ్బలోని రాళ్లు ఇళ్లకూ మెట్లకూ పోయాయి. చాలా పలకలు సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కొలిన్ మెకంజీ తొలిసారి వచ్చి చూసి, మళ్లీ 1816లో బొమ్మలు గీయించడానికి మనుషులతో వచ్చేసరికి చాలావరకు పోగా మిగిలిందే ఉంది. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, వాటిలో పెద్ద వాటా 1859లో ఓడెక్కి లండన్ వెళ్లింది. అంటే మేలైన శిల్పాలు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి, అమరావతిలో ఉన్నది వాటి చోటు.

చోటు చూడటానికీ ఒక వరస ఉంది. ముందు కాలచక్ర మ్యూజియానికి వెళ్లండి. 2006 జనవరిలో దలైలామా ఇక్కడ కాలచక్ర అనే బౌద్ధ దీక్షా కార్యక్రమం జరిపించాక ఆ పేరు నిలిచింది. అక్కడ స్తూపం నమూనా ఉంది. ప్రాకారం, నాలుగు దిక్కులా ద్వారాలు, ఒక్కో దిక్కున అండానికి, అంటే స్తూపం గుండ్రటి గుమ్మటానికి, ఆనుకుని ముందుకు వచ్చిన అరుగు, దాని మీద ఐదేసి ఆయక స్తంభాలు. ఆ ఐదూ బుద్ధుడి జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, మొదటి ఉపదేశం, పరినిర్వాణాలకు గుర్తులు. ఇది తలకెక్కాక దిబ్బ దగ్గరికి వెళ్తే ఏ రాయి ఎక్కడిదో కళ్లకు కడుతుంది. ఆఖర్న పురావస్తు శాఖ మ్యూజియం. తిరగేసి చూస్తే మ్యూజియంలో ముక్కలు ముక్కలుగానే మిగులుతాయి, దిబ్బ దిబ్బగానే మిగులుతుంది.

పలకల ముందు చాలామంది చేసే పొరపాటు ఎదురుగా నిలబడటం. పల్నాటి సున్నపురాయి సన్నటి రేణువుది, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. ఎదురు వెలుతురులో చదునుగా, పాలిపోయినట్టు కనిపిస్తుంది. రెండడుగులు పక్కకు జరిగి ఓరగా చూడండి. వెనక వరసలో, బొటనవేలంత ముఖాలు అప్పుడు బయటికొస్తాయి. ఫ్లాష్ కొడితే ఆ లోతు చచ్చిపోతుంది, ఎలాగూ దానికి అనుమతి లేదు, ట్రైపాడ్‌కూ లేదు. తర్వాత బుద్ధుడు ఎక్కడున్నాడో వెతకండి. తొలినాటి పలకల్లో మనిషి రూపం ఉండదు. ఖాళీ ఆసనం, దాని కింద పాదాలు, వెనక బోధివృక్షం లేదా చక్రం, చుట్టూ చేతులు జోడించిన జనం. ఆ తర్వాతి వాటిలో అదే చోట బుద్ధుడు కూర్చుని కనిపిస్తాడు. కింద పెట్టిన శతాబ్దం చీటీ చదవకముందే రాయి ఏ కాలానిదో ఓ అంచనాకు రావచ్చు.

శుక్రవారం ప్రయాణం సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా. మధ్యలో ఆగితే నాలుగు గంటలు వేసుకోవాలి. పిడుగురాళ్ల దాటేటప్పుడు రోడ్డు పక్క సున్నపు బట్టీలు చూడండి. చైత్యం పలకలకు వాడినదీ ఈ పల్నాటి సున్నపురాయే, అవి కాలిపోయిందీ ఇలాంటి బట్టీల్లోనే. సొంత బండి లేకపోతే గుంటూరు నుంచి మాచర్లకు రైలూ బస్సూ రెండూ ఉన్నాయి, అక్కడి నుంచి జలాశయం ఒడ్డునున్న విజయపురి సౌత్‌కు మరో 25 కిలోమీటర్లు. సాయంత్రానికి చేరితే అనుపు చూసెయ్యొచ్చు. అది ఆరుబయటి చోటు కాబట్టి మ్యూజియం సెలవు దాన్ని తాకదు. జలాశయంలో మునగబోయే విహారాన్ని (బౌద్ధ భిక్షువుల ఆరామం), మెట్ల వరసలున్న రంగస్థలాన్ని ఊడదీసి తెచ్చి ఇక్కడ మళ్లీ పేర్చారు. పొద్దు వాలాక రంగస్థలం మెట్ల మీద కూర్చోవాలి, మధ్యాహ్నమైతే రాయి కాలుతుంది.

ఇప్పుడు లాంచీ. ద్వీపానికి రెండు ఒడ్ల నుంచీ వెళ్లొచ్చు. ఆంధ్ర వైపు విజయపురి సౌత్, తెలంగాణ వైపు నందికొండ. బస ఏ ఒడ్డున ఉంటే లాంచీ ఆ ఒడ్డునే ఎక్కండి. డ్యామ్ గేట్లు ఎత్తిన రోజుల్లో వంతెన దాటడానికే పొద్దు గడిచిపోతుంది. రెండువైపులా పర్యాటక శాఖల హోటళ్లున్నాయి. నీళ్లు కనిపించే గది కావాలంటే తెలంగాణ వైపు విజయ్ విహార్ మెరుగు. లాంచీకి, అనుపుకి దగ్గర కావాలంటే ఆంధ్ర వైపే. గేట్లు ఎత్తారన్న వార్త వచ్చిన వారాంతం గదుల మీద ఆశ పెట్టుకోకండి.

మామూలు రోజుల్లో తగినంతమంది పోగయ్యేదాకా లాంచీ కదలదు. తొమ్మిదింటికి వచ్చి పదకొండు దాకా రేవులో కూర్చోవాల్సి రావచ్చు. ఆదివారం లాంచీ చిటికెలో నిండుతుంది, మ్యూజియం కూడా అలాగే నిండుతుంది. శనివారం పొద్దున రెండింటికీ మధ్యస్థం. పైగా ఏ కారణం చేతైనా లాంచీ ఆగిపోతే ఆదివారం చేతిలో ఉంటుంది. గాలి ఎక్కువైతే ఆపేస్తారు, దానికి ఎవరినీ తిట్టి లాభం లేదు.

వెళ్లడానికి ముప్పావుగంట నుంచి గంట, రావడానికి అంతే. అసలు చిక్కు మధ్యలో ఇచ్చే సమయం. తీసుకెళ్లిన లాంచీయే గంటలో వెనక్కి తెస్తే, దిగి నడిచి వెళ్లడానికి పోను మ్యూజియానికి ముప్పై నలభై నిమిషాలు మిగులుతాయి. అందుకే మొదటి లాంచీ ఎక్కండి, ఎక్కేముందే కౌంటర్లో ఒక్క ప్రశ్న అడగండి: “తర్వాతి లాంచీలో తిరిగి రానిస్తారా?” సరేనంటే రెండున్నర గంటలు దొరుకుతాయి, అది చాలినంత. లాంచీ టికెట్టు వేరు, పురావస్తు శాఖ టికెట్టు వేరు. ద్వీపం మీద సిగ్నల్‌ను నమ్ముకుని ఖాళీ జేబుతో దిగకండి. మంచినీళ్లు, ఏదో ఒక చిరుతిండి ఒడ్డునే కొనుక్కోండి. చేపల వేపుడు తిరిగొచ్చాక తినొచ్చు.

ఈ లోయను 1926లో గుర్తించారు. 1955లో డ్యామ్‌కు శంకుస్థాపన జరిగింది. నీళ్లు నిండేలోపు తవ్వాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా గాలించారు. మ్యూజియంలో ఆ లోయ నమూనా ఉంది. శిల్పాల కంటే ముందు దాని దగ్గరికే వెళ్లండి. ఇందాక లాంచీలో దాటొచ్చిన నీళ్ల కింద ఏ విహారం ఎక్కడుందో అందులో తెలుస్తుంది. ఆ తర్వాత, ఇక్కణ్నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలపు జాతక పలకలు, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథలు చెక్కినవి. అమరావతి చేతివాటమే, కాకపోతే మనుషులు ఇంకాస్త సన్నబడి, పొడుగై, జనం ఒత్తిడి పెరిగింది. పెద్ద బుద్ధుడి దగ్గర ఆ లావుపాటి చీవరం అంచు మళ్లీ కనిపిస్తుంది. రాజులు యజ్ఞాలు చేస్తుంటే అంతఃపుర స్త్రీలు స్తూపాలు కట్టించిన కాలం ఇది. ఇక్కడి మహాచైత్యం శాసనాల్లో వినిపించే పేరు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరిది. బయటికొచ్చాక ఆ చైత్యం నేలమట్టపు నమూనా చూడండి. గోడలు బండిచక్రం ఆకుల్లా పేర్చి ఉంటాయి, మధ్యలో మట్టి నింపడానికి.

నందికొండలో 2022లో తెరిచిన బుద్ధవనం అంతా కొత్త కట్టడమే. పిల్లలున్న కుటుంబాలకు హాయిగా ఉంటుంది. పాత రాయి కోసం వచ్చినవాళ్లు దాటేసినా నష్టం లేదు.

హైదరాబాద్ 150 కిలోమీటర్లు. ఆదివారం సాలార్‌జంగ్‌కు వెళ్తే మధ్యాహ్నం పన్నెండింటికి గంటలు కొట్టే గడియారం కోసం మూగిన జనం వీపులే చూస్తారు. దాన్ని సోమవారానికి వదిలేసి ఆదివారం పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లండి. ఈజిప్టు మమ్మీ పేరు చెప్పి వచ్చేవాళ్లే ఎక్కువ, వాళ్లు నేరుగా అటు పోతారు, బౌద్ధ శిల్పాల గది మీకే మిగులుతుంది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు చూస్తే, 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు అక్కడి రాళ్లను ఎందుకు అడిగి తీసుకెళ్లారో అర్థమవుతుంది.

మిగిలిన సగం అమరావతి కోసం చెన్నై వెళ్లేవాళ్లు, ఎగ్మూరుకూ సెలవు శుక్రవారమేనని గుర్తుంచుకోండి. అక్కడ నాలాగిరి ఏనుగు పతకం దగ్గర కనీసం పది నిమిషాలు పెట్టుకోండి. ఏనుగు ఒకే గుండ్రంలో రెండుసార్లు ఉంటుంది, ఒకచోట మదించి మనుషుల్ని తొక్కుతూ, ఇంకోచోట బుద్ధుడి ముందు మోకరిల్లి. మొదట కింద వీధిలో ఏనుగును చూడండి, తర్వాత పైన కిటికీల్లోంచి తొంగిచూస్తున్నవాళ్ల ముఖాలు. లండన్‌లో ఉన్నవాళ్లకు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి గది నంబరు 33ఏ. అక్కడ ఒకే పలకకు రెండువైపులా చెక్కిన స్తూప ఫలకం ఉంది. ఒకవైపు బుద్ధుడి రూపం లేని కాలపు బోధివృక్ష పూజ. కొన్ని శతాబ్దాలయ్యాక అదే రాయిని తిప్పి రెండోవైపు స్తూపాన్ని చెక్కారు. ముందువైపు చూసి వచ్చేయకుండా వెనక్కి కూడా తిరిగి చూడాలి.