ఎస్పీ రోడ్డులో లైనక్స్ కోసం ల్యాప్‌టాప్ కొనేవాళ్లు జాగ్రత్త: డిస్‌ప్లే పీస్ వేరు, చేతికిచ్చే పీస్ వేరు

బెంగళూరులో ఉన్న మనవాళ్లెవరైనా లైనక్స్ కోసం కొత్త ల్యాప్‌టాప్ కొనబోతుంటే కాస్త ఆగి ఇది చదవండి.

ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో ఒక షాపులో డిస్‌ప్లే పీస్ మీద నా పెన్‌డ్రైవ్‌తో ఉబుంటు 22.04 (లైనక్స్‌లో ఒక రకం) బూట్ చేసి చూశాను. మా ఆఫీసులో వాడేది అదే, 5.15 కెర్నల్‌ది (కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌ని నడిపే లైనక్స్ గుండెకాయ, డ్రైవర్లు ఉండేది అందులోనే). వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ అన్నీ పనిచేశాయి. "సేమ్ మోడలే అన్నా, సీల్డ్ పీస్ ఇస్తా" అంటూ లోపల్నుంచి బాక్స్ తెచ్చిచ్చాడు. మారతహళ్లిలో రూముకొచ్చి అదే పెన్‌డ్రైవ్‌తో వేస్తే వైఫై గుర్తే కనబడలేదు.

తీరా చూస్తే డిస్‌ప్లే పీసులో ఉన్నది ఇంటెల్ వైఫై కార్డు, నాకిచ్చినదాంట్లో ఉన్నది రియల్‌టెక్ ఆర్‌టీఎల్8852బీఈ. మోడల్ పేరు ఒకటే. బాక్స్ మీద "వైఫై 6" అని తప్ప చిప్ పేరు ఎక్కడా లేదు. కంపెనీలు ఇలా కార్డులు మార్చడం మామూలేనట! ఈ చిప్‌కి డ్రైవర్ కెర్నల్‌లోకి వచ్చిందే 6.2లో. ఇక 5.15తో ఎలా వస్తుంది?

షాపుకి తీసుకెళ్తే "విండోస్‌లో నడుస్తోంది కదా, ఇంకేం ప్రాబ్లం" అన్నాడు. వెనక్కి తీసుకోలేదు. సర్వీస్ సెంటర్‌లోనూ లైనక్స్ మాట ఎత్తగానే చేతులెత్తేశారు. ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి, హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఉబుంటు ఇచ్చే కొత్త కెర్నల్) 6.8 వేశాక వైఫై వచ్చింది. ఉబుంటు 24.04 అయితే 6.8తోనే మొదలవుతుంది కాబట్టి ఈ చిప్‌కి ఆ తంటా లేదు. ఫింగర్‌ప్రింట్ మాత్రం ఇప్పటికీ పలకట్లేదు, లైనక్స్‌లో ఫింగర్‌ప్రింట్ సెన్సర్లను నడిపే లిబ్‌ఎఫ్‌ప్రింట్ జాబితాలో ఆ సెన్సర్ లేదు.

అందుకే డబ్బులు కట్టకముందే మీకిచ్చే పీస్‌నే విప్పించి, పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కి మైనస్ కే తగిలించి (lspci -k) కొట్టి, నెట్‌వర్క్ కంట్రోలర్ కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" లైన్ ఉందో లేదో చూడండి. లేదంటే డ్రైవర్ పట్టుకోలేదన్నమాట. ఒకసారి మూత వేసి తెరిచి, స్లీప్ నుంచి సరిగ్గా లేస్తుందో కూడా చూడండి. సీల్ విప్పనంటే పక్క షాపుకి నడవండి, ఆ వీధిలో షాపులకేం కరువు!

"కార్డు మార్చేస్తే పోలా" అని ఇంటెల్ వైఫై కార్డులు ఏఎక్స్201 గానీ ఏఎక్స్211 గానీ అంటగట్టబోతే తీసుకోకండి. అవి సీఎన్‌వీఐ (వైఫై పనిలో కొంత ప్రాసెసర్ వైపే జరిగే ఇంటెల్ పద్ధతి) ఉన్న ఇంటెల్ బోర్డుల్లోనే పనిచేస్తాయి, ఏఎండీలో అసలు పనిచేయవు. మామూలు పీసీఐఈ కార్డు కావాలంటే ఏఎక్స్210 అడగండి. కొన్ని మోడళ్లలో కార్డు బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, అది మార్చడం కుదరదు. బిల్లు మీద మోడల్ పేరుతో పాటు వైఫై చిప్ పేరు కూడా రాయించుకోండి.